లివరుకు చుట్టిన గుడ్డ

“...పేరు రాయకూడదంటే రాయకూడదు. ఇక్కడ ప్రయోగానికి కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, నంబరే.”

“మరి నా పేరు పూర్తిగా వాళ్ళు రాశారు కదా మేడమ్, ఆనాటి ప్రమాదం రిపోర్టులో?”

ఇలా అడిగిన, యూనివర్సిటీ మనస్తత్వశాస్త్ర విభాగంలో పరికరాలు తయారుచేసే ఆమె, పన్నెండేళ్ళ కిందట ఒక గోదాములో క్రేను నడిపేది. బరువు దించడానికో లివరు, పక్కకు తిప్పడానికో లివరు. రెండూ ఒకేలా ఉండేవి. కళ్ళు బరువు మీద ఉండాలి కనుక, చేతికి తెలిసేలా దించే లివరుకు గుడ్డ చుట్టుకునేది.

“లివరుకేమైనా దెబ్బ తగిలిందా, కట్టు కట్టావు?” అని నవ్వి, తనిఖీకి ముందురోజు ఇంజనీరు దాన్ని విప్పించాడు. క్రేను తలుపుకి నోటీసు కూడా అంటించాడు. మర్నాడు ఆమె తిప్పబోయి దించింది. కింద పనిచేస్తున్న మరిది కాలు పోయింది. ‘ఆపరేటరు అజాగ్రత్త’ అని రాసి సంతకం పెట్టింది ఆ ఇంజనీరే. ఆమె ఉద్యోగం ఊడింది. పోతూపోతూ నోటీసు చింపుకుని తెచ్చుకుంది.

మనుషుల చేతులు ఎందుకు పొరబడతాయో ఆ విభాగంలోని మేడమ్ పరిశోధిస్తోంది. ఈ ఏడాది ప్రయోగానికి, తను ఒకప్పుడు పట్టిన ఆ రెండు లివర్లనే ఆమె కొలత తప్పకుండా మళ్ళీ చేసింది. పిలవాల్సినవాళ్ళ జాబితాలో ఇంజనీరు పేరు చేర్చింది. పొద్దున బయల్దేరుతుంటే మరిది చంకకర్ర మీద ఆనుకుని, “వాడికి కుర్చీ మెత్తగా వెయ్యి వదినా, చాలాసేపు కూర్చోవాలి” అన్నాడు.

ఇంజనీరు ఆమెను గుర్తుపట్టలేదు. “ఇదెంత పని!” అంటూ కూర్చున్నాడు. నలభైసార్లలో పదకొండుసార్లు తప్పు లివరు లాగాడు. లాగినప్పుడల్లా గంట మోగింది.

“ఇంకోసారి చూద్దామా సార్?” అని ఆమె మెత్తగా అడిగింది. మూడుసార్లు అడిగింది.

అతను చెమట తుడుచుకున్నాడు. “రెండూ ఒకేలా పెడితే ఎవరైనా తప్పు చేస్తారమ్మా!”

ఆ మాట ఆమె రాసుకుంది. అతను వెళ్ళాక, ఫలితాల్లో అతని పేరు రాస్తానని ఆమె అనడంతో మొదలైంది మేడమ్‌తో ఈ గొడవ.

“చెయ్యి పొరబడితే మనిషిని నిందించకూడదని రాస్తున్నది మనమే. ఆయన పొరపాటును ఇప్పుడు ఊరంతా చాటుతావా?” అంది మేడమ్.

ఆమె సంచిలోంచి పాత నోటీసు తీసి బల్ల మీద పెట్టింది. ‘లివర్లకు గుడ్డలు చుట్టరాదు.’ కింద ఇంజనీరు సంతకం.

“ఆ పదకొండు తప్పులూ మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. ఇది మాత్రం చెయ్యి పొరబడి రాసింది కాదు. నా కేసు మళ్ళీ విచారించమని రేపు దీంతో అర్జీ పెడుతున్నాను.”