సున్నం గీతకు ఇవతల

పోయిన వారం మంగళవారం పొద్దున పాలు కాచి దించి, కాఫీ కలుపుకుంటూ ఉండగా గేటు దగ్గర ఎవరో పిలిచారు. హోసూరులో నేనుంటున్న వీధికి ప్రతి మంగళవారమూ వచ్చే అమ్మాయే. దోమలున్నాయా, జ్వరాలున్నాయా అని ఇల్లిల్లూ అడిగిపోవడం ఆమె ఉద్యోగం. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. గేటు తీయకుండానే, నన్ను తమిళంలో అవ్వా అని పిలుస్తూ, "పాటీ, ఇంట్లో ఎవురికన్నా జ్వరముందా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె ఫోనులో ఏదో నొక్కి, మా గోడ మీద సుద్దముక్కతో ఆనాటి తేదీ వేసి పక్కింటికి వెళ్ళిపోయింది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. నేను మాత్రం గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపల కాఫీ చల్లారిపోయింది. గడప బయట నిలబడి ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే ఇన్నేళ్ళ తరువాత కూడా నాకు మా వదిన కుడిపాదం కళ్ళముందుకు వస్తుంది, బొటనవేలికి సున్నం అంటుకుని.

మా ఊరు కెలమంగలం పక్కన. నన్ను ఆ ఊళ్ళోనే ఇచ్చారు కనుక పుట్టిల్లూ అత్తిల్లూ రెండు వీధుల తేడాలోనే ఉండేవి. పెళ్ళయ్యాక నేను పాల సంఘంలో లెక్కలు రాసేదాన్ని. పంచాయతీ ఎన్నికల్లో ఆడవాళ్ళకు స్థానాలు కేటాయించిన తొలి దఫా నా వయసు వాళ్ళకు బాగా గుర్తుండే ఉంటుంది. మా ఊరి ప్రెసిడెంటు పదవి ఆడవాళ్ళకు వచ్చింది. ఊళ్ళో పెద్దవాళ్ళు కూర్చుని మా అన్న భార్యను, అంటే మా వదినను నిలబెట్టారు. పేరు ఆమెది, పని అన్నది అని అందరూ మనసులో అనుకున్నదే. మా అన్న కూడా అలాగే అనుకున్నాడు.

వదిన మాత్రం అలా అనుకోలేదు. గెలిచాక జరిగిన మొదటి సమావేశానికి అన్న ముందుగా వెళ్ళి కుర్చీలో కూర్చుంటే, ఆమె అందరి ముందూ తలుపు దగ్గర నిలబడి, "ఇంట్లో నువ్వు చెప్పినట్ల వింటాను. ఈడ మాత్రం ఆ కుర్చీ నాది, లెయ్యి" అంది. అన్న నవ్వేసి లేచాడు. అది గురువారం జరిగిందని అన్న ఇప్పటికీ అంటాడు, కాదు, శుక్రవారం. పాల సంఘంలో వారం లెక్క ముగించేది శుక్రవారమే, ఆ లెక్క సగంలో వదిలి నేను ఆ సమావేశానికి పరిగెత్తాను. అన్నకు సంగతులు గుర్తుంటాయి గానీ వారాలు గుర్తుండవు.

ఆ ఎన్నికల్లో వదిన పక్కన తిరిగిన ఆడవాళ్ళలో అందరికంటే చిన్నది పడమటి వీధి చివరి ఇంటి కోడలు. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. గట్టి గొంతు, ఇంకా గట్టి నవ్వు. వదినను అక్కా అని పిలిచేది. ఒక అరుగు మీద కూర్చున్న ముసలాయన ఎకసెక్కంగా, "ఓటు నీకేస్తే పని చేసేది మీ ఆయనే కదమ్మా?" అని వదినను అడిగితే, వదిన నోరు తెరిచేలోపలే ఆ పిల్ల, "లేదు తాతా, ఆయప్ప ఇంట్లో సంగటి కెలుకుతాడు. నువ్వూ రా, నీకూ ఒక ముద్ద పెడతాడు" అంది. వీధంతా నవ్వింది, ముసలాయనతో సహా. ఆ ముసలాయన వదినకే ఓటు వేశానని తరువాత చాలాకాలం చెప్పుకుని తిరిగాడు.

పడమటి వీధి అంతా పట్టు పురుగుల వీధి. ఇప్పటిలా తోట గట్టున వేరే షెడ్డులు వేసి పెంచే అలవాటు అప్పుడు లేదు. మనుషులు పడుకునే ఇంట్లోనే, ఉన్న పెద్ద గదిలో, తట్టల మీద తట్టలు పేర్చి పెంచేవాళ్ళు. పురుగు చర్మం విడిచే ముందు కదలకుండా పడి ఉండే నిద్రను మా వైపు జ్వరమనే అంటారు. నాలుగో జ్వరం దాటి లేచిన పురుగు వారం పాటు ఆకలి తీరనట్టు తిని, పండి గూడు కడుతుంది. నిశ్శబ్దంగా ఉంటే గదిలో చిరుజల్లు పడుతున్నట్టు ఆకు తినే చప్పుడు వినిపిస్తుంది. కాలి వెంట తెగులు వచ్చి పురుగుకు అంటుతుందని, ఆ వారం పరాయి మనిషి ఆ ఇంటి గడప దాటకూడదు. గుమ్మానికి వేపాకు కట్టి, గడప ముందు అడ్డంగా సున్నంతో గీత గీసేవాళ్ళు. ఇంటివాళ్ళు కూడా కాళ్ళు కడిగి, ఆ సున్నం తొక్కి లోపలికి పోవాలి. ఆడబిడ్డ వచ్చినా, అల్లుడు వచ్చినా మాటలన్నీ గీతకు ఇవతలే. ఎవరూ తప్పుగా తీసుకునేవాళ్ళు కాదు.

వదిన కుర్చీ ఎక్కిన తొలి ఏడాది వానలు వెనకబట్టాక, చుట్టుపక్కల ఊళ్ళలో విషజ్వరాలు వచ్చాయి. మా తూర్పు వీధిలోనూ కొందరు పడుకుని లేచారు. దోమలకు పొగ కొట్టే యంత్రం వస్తుందని, రాబోయే సోమవారం మా ఊరి వంతని పై నుంచి కబురు వచ్చింది. వద్దంటే మిగతా ఊళ్ళన్నీ తిరిగి వచ్చేదాకా మళ్ళీ రాదు. పొగ మందు మల్బరీ ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. పడమటి వీధి ఇళ్ళలో సరిగ్గా అప్పుడే పురుగు నాలుగో జ్వరం నుంచి లేచి ఉంది.

శనివారం గ్రామసభ పెట్టారు. అంతమంది ఆడవాళ్ళు గ్రామసభకు రావడం అదే మొదటిసారి. తూర్పు వీధి ఆయన ఒకాయన, తల్లి జ్వరం నుంచి అప్పుడే లేచిందట, "పురుగు పానం ముఖ్యమా, మనిషి పానమా, చెప్పండప్పా!" అని అరిచాడు. పడమటి వీధి నుంచి ఒకామె, "పురుగు పోతే మేమేం తినేది, నీ పొగ తినేదా?" అని లేచింది. మాట మీద మాట పెరిగింది. వదిన అందరినీ అరవనిచ్చి, అలిసిపోయాక లేచి నిలబడి చెప్పింది. "రేపు నేనే పడమటి వీధి ఇల్లిల్లూ తిరిగి అడుగుతాను. ఒక్కరికి జ్వరముందన్నా సోమవారం మిషన్ వస్తుంది, పురుగు పోయినా సరే. ఎవురికీ లేదంటే పురుగు పండేదాకా ఆగుదాము. ఒప్పుకుంటారా?" రెండు వీధులూ ఒప్పుకున్నాయి. అంతకంటే న్యాయమైన తీర్పు అప్పుడు ఎవరూ చెప్పగలిగేవారు కాదు. లెక్క వేసి చూసుకున్న ప్రతిసారీ నాకు అదే తేలుతుంది.

ఆదివారం పొద్దున వదినతో నేనూ వెళ్ళాను. ప్రతి ఇంటి ముందూ సున్నం గీత, ప్రతి గుమ్మానికీ వేపాకు. గీతకు ఇవతల నిలబడి వదిన అడిగేది, లోపలి నుంచి ఎవరో ఒకరు ఆకు గంపతోనో చీపురుతోనో వచ్చి, అందరూ బాగున్నారమ్మా అనేవాళ్ళు. చాలా ఇళ్ళలో మనుషులు వాకిట్లోకే వచ్చారు, కళ్ళారా చూశాము. అలా చివరి ఇంటికి చేరాము.

ఆ ఇంటి అత్తగారు ఒక్కతే వచ్చి గడప మీద నిలబడింది. మొగవాళ్ళిద్దరూ ఆకు కోతకు పోయినారంది. కోడలు యాడ అని వదిన అడిగింది. పుట్టింటికి పోయింది, నిన్ననే, అంది ఆమె. పురుగు తిండి మీదున్న వారంలో కోడల్ని పుట్టింటికి పంపే ఇల్లు మా వైపు ఉండదు. వదినకూ ఆ మాట తట్టింది. కుడికాలు ఎత్తి గీత మీద ఆనించింది. అత్తగారు రెండు చేతులూ జోడించి, "వద్దు పెసిడెంటమ్మా, నీ కాళ్ళకు మొక్కుతాను, పురుగు పండే వారం. లోపల ఎవురూ లేరు" అంది. లోపల పురుగు ఆకు తినే చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. వదిన కొంచెంసేపు అలాగే నిలబడి, కాలు వెనక్కు తీసుకుంది. తిరిగి వస్తున్నంతసేపూ ఆమె బొటనవేలికి సున్నం తెల్లగా కనబడుతూనే ఉంది.

యంత్రం ఇప్పుడు వద్దని ఆ మధ్యాహ్నమే కబురు పంపారు. గురువారం పడమటి వీధిలో పురుగు పండింది. ఒళ్ళు పసుపురంగు తిరిగి, తల ఎత్తి చోటు వెతుక్కునే పురుగును ఏరి, గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీద వేస్తూ ఇంటింటా సందడిగా ఉంటే, చివరి ఇంటి ముందు ఎడ్లబండి ఆగింది. ఆ పిల్లను దుప్పటిలో చుట్టి బండిలో పడుకోబెడుతున్నారు. పుట్టింటికి పోయిందన్న పిల్ల ఆ ఇంట్లోంచే వచ్చింది. వదిన పరిగెత్తుకుంటూ వెళ్ళి బండెక్కి తల ఒళ్ళో పెట్టుకుంది. కెలమంగలం చేరి, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని హోసూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. శుక్రవారం తెల్లవారాక పోయింది. ఆ విడత పడమటి వీధికి గూళ్ళు ఎన్నడూ లేనంత తెల్లగా, గట్టిగా వచ్చాయి. తమ చేతి గూళ్ళను ఎవరూ మెచ్చుకోలేదు.

కర్మ ముగిశాక ఒక సాయంత్రం ఆ పిల్ల అత్తగారు మా అన్న ఇంటికి వచ్చింది. వదిన లోపలికి పిలిస్తే రాకుండా గడప బయటే నిలబడింది. నేను అక్కడే ఉన్నాను కనుక ఆమె అన్న మాటలు మారకుండా రాస్తున్నాను. "అది ఆ దినం జ్వరంతో తట్టల ఎనకే పండుకోనుండింది. నువ్వు వస్తా ఉంటే నేను చెప్పేస్తామనే లేచినాను. అదే నా కొంగు పట్టుకొని, వద్దత్తా, తొలి ఏడే వీధి పంటంతా పోతే ఆడది కూర్చున్నందుకే పోయిందంటారు, అక్కను మళ్ళా కూర్చోనియ్యరు, నేను రెండు దినాల్లో లేస్తాను అనింది. నాకూ మామూలు జ్వరమే అనిపించింది. నువ్వు కాలు ఎత్తినప్పుడు లోపలికి వచ్చేసింటే బాగుండు తల్లీ." అంత చెప్పి వెళ్ళిపోయింది. ఆ కుర్చీ కోసం ఒక మనిషి చచ్చిపోవచ్చునని వదిన అంతవరకు అనుకోలేదు, మేమెవ్వరమూ అనుకోలేదు.

వదిన రాజీనామా చేస్తుందేమోనని అన్న భయపడ్డాడు. చేయలేదు. పదవి ఉన్నంతకాలం ఏ పని మీద ఎవరింటికి వెళ్ళినా గీతకు ఇవతల నిలబడలేదు. తన ఇంటి నుంచే చెంబుతో నీళ్ళు తీసుకుపోయి, వాళ్ళ వాకిట్లో కాళ్ళు కడుక్కుని, సున్నం తొక్కి, లోపలి గది దాకా పోయి చూసి వచ్చేది. కొందరు తిట్టుకున్నారు, కొందరు తలుపు మూశారు. మూసిన తలుపు ముందు కూర్చునేది, తీసేదాకా. ఆ అత్తగారు తరువాత ప్రతి గ్రామసభకూ వచ్చి, వెనక వరసలో కూర్చుని, చివరిదాకా ఉండి వెళ్ళేది. ఆమె వచ్చిందో లేదో చూసుకోనిదే వదిన సభ మొదలుపెట్టేది కాదు. రెండోసారి నిలబడమని ఊరంతా అడిగినా వదిన ఒప్పుకోలేదు. తాను మళ్ళీ కూర్చోవాలన్న ఆ పిల్ల కోరికను మాత్రం తీర్చలేకపోయింది. ఇప్పుడు వదినా లేదు, ఆ అత్తగారూ లేదు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు పడమటి వీధి చివరిదాకా నడిచాను. పురుగులన్నీ తోటల్లోని షెడ్డుల్లోకి పోయాయి. గుమ్మాలకు వేపాకు లేదు, గడపల ముందు సున్నం లేదు. ఎవరైనా ఎవరింట్లోకైనా వెళ్ళవచ్చు. అయినా ఎవరూ వెళ్ళడం లేదు. నీళ్ళు రాకపోయినా, దీపం వెలగకపోయినా ఫోనులో గ్రూపుకు పెడతారు, ప్రెసిడెంటు ఫోనులోనే బదులిస్తుంది. ఆమె చదువుకున్న పిల్ల, పనులు మా రోజులకంటే త్వరగా జరుగుతున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. చివరి ఇల్లు కొత్తగా కట్టారు, గేటుకు బెల్లు పెట్టారు. నొక్కబోయి మానుకున్నాను.

నిన్న మళ్ళీ మంగళవారం. ఆ అమ్మాయి వచ్చి అడిగే లోపలే గేటు బార్లా తీసి, లోపలికి రామ్మా, వచ్చి చూసిపో అన్నాను. ఆమె నవ్వి, "నువ్వు చెప్తే చాలదా పాటీ? ఇంకా రెండు వీధులుండాయి, టైం లేదు. జ్వరం లేదు కదా?" అంది. లేదన్నాను. గోడ మీద పాత తేదీ పక్కన కొత్త తేదీ పడింది. ఆమె మలుపు తిరిగేదాకా చూసి, తలుపు వేసుకుని, నేనొక్కదాన్నే ఉండే ఈ ఇంట్లో లోపలి గది దాకా వెళ్ళి, తలుపు వెనక కూడా చూసి వచ్చాను.