కోడి ఎముకలతో గజపతినగరం ఆవానికి

పెళ్లయిన ఆరేళ్లకు మా ఆవిడ పార్వతి మళ్లీ ఎమ్మెస్సీలో చేరింది. పారేసిన కోడి ఎముకలను కాల్చి తెల్లటి పొడి చేయడం ఆమె ప్రాజెక్టు. విరిగిన ఎముక అతకడానికి పనికొచ్చే ఖనిజం అందులో ఉంటుందట. పరీక్ష దగ్గరికొచ్చాక కాలేజీలో ఎముకలు కాల్చే ఫర్నేసు పాడైంది. ఎల్లుండి పదింటికి పొడి చూపించకపోతే ఏడాది పోతుంది. "ఈసారి పోతే మానేస్తాను బావా," అంది. అందుకే తెలిసినవాళ్లు చెప్పిన, కుండలు కాల్చే కుమ్మరి ఆవానికి మర్నాడే బయల్దేరాం.

శ్రీకాకుళం కాంప్లెక్సులో పొద్దున్నే ఆరింటికి బస్సెక్కితే ఎనిమిదికల్లా విజయనగరం, అక్కడ మారితే ఇంకో గంటలో గజపతినగరం. ఇద్దరికీ పోనూ రానూ నాలుగొందలు పెట్టుకుంటే చాలు. సంచిలో ఎముకలు ఉడికించి డాబా మీద ఎండబెట్టినవే, వాసన లేదు. అయినా కండక్టర్ "ఏటది సంచిలో?" అనగానే "పిండివంటలు" అనేశాను. పార్వతి నా వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగింది.

ఆవం అప్పటికే మండుతోంది. లోపల కార్తీకమాసం ప్రమిదలు. కుమ్మరి అప్పన్న తాత తల అడ్డంగా ఊపాడు.

"దీపాల పక్కన కోడెముకలేటమ్మా! పాపం కాదేటి?"

పార్వతి బతిమాలగా బతిమాలగా ఒప్పుకున్నాడు. కుండలో పోసి, మూతపెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తి ఆవం నోట్లోకి నెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను.

రెండింటికి కుండ లాగి పగలగొడితే ఎముకలు బొగ్గుల్లా నల్లగా ఉన్నాయి.

"గాలి తగల్లేదు తాతా. మూత లేకుండా కాల్చాలి," అంది పార్వతి.

"ఆ పొగ దీపాలకి తగుల్తాది. నాను సెయ్యను."

అప్పుడు తాత భార్య పారతో నిప్పులు బయటికి లాగి వాకిట్లో కుప్పపోసింది. "ఇక్కడ కాలిస్తే దీపాలకేటి? ఇసురు బాబూ," అంటూ నా చేతిలో చేట పెట్టింది. నల్లబడిన ఎముకలు నిప్పుల మీద పరిచాక, ఆవిడ పిడకలు వేస్తుంటే రెండున్నర గంటలు విసిరాను. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి పార్వతి ఒక ఎముక విరిచి చూసింది. లోపల కూడా తెల్లగానే ఉంది. అక్కడే కూలబడి ఏడ్చేసింది. తాత ఒక ముక్క వేళ్ల మధ్య నలిపి, "సున్నంలాగున్నాది," అన్నాడు.

తిరుగు బస్సులో తాత కుండకి పెట్టిన మూత గుర్తొచ్చి నవ్వబోయాను, నవ్వు రాలేదు. పొద్దున్న పిండివంటలని చెప్పి ఆమె పనికి మూతపెట్టింది నేనే కదా. సిగ్గేసింది. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: కార్తీకానికి ముందు వెళ్లకండి, ఆవాల నిండా దీపాలే ఉంటాయి. ఈసారి కండక్టర్ అడగకముందే నేనే గట్టిగా చెప్పాను. "కోడి ఎముకలండీ. మా ఆవిడ రేపు పరీక్షలో చూపించాలి." ముందు సీటువాళ్లు లేచి దూరంగా వెళ్లి కూర్చున్నారు. పార్వతి నా పక్కకి జరిగింది.