ఒక శ్రోత తగ్గింది

పోయిన శనివారం పొద్దున జనగామ బస్టాండులో డ్యూటీకి పోయే బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. బయ్యారం దగ్గరి తండా నుంచి అవ్వ కోడలు. "అక్కా, మా అత్త పోయింది. రాతిరి బువ్వ తిన్నది, పొద్దుగాల లేవలే" అంది. నా వెనక బస్సు హారన్లు విన్నదేమో, "నువ్వు పనికి పో అక్కా, అటెన్క రా" అని తనే ఫోన్ పెట్టేసింది.

అవ్వ నాకు చుట్టం కాదు. నేను రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌ని, ఆమె నా శ్రోత. ఆదివారం పొద్దున తండాల కోసం వచ్చే ఒక అరగంట కార్యక్రమాన్ని బుధవారమే రికార్డు చేస్తాను. పాటలూ పత్తి పురుగుల సంగతులూ లంబాడీలోనే నడుస్తాయి. మధ్యలో నేను తెలుగులో కొంత, వచ్చీరాని లంబాడీలో కొంత మాట్లాడతాను. ఒకప్పుడు మా కార్యక్రమాలకు భూపాలపల్లి బొగ్గు బావుల కాడి నుంచి కూడా కార్డులు వచ్చేవట. నేను చేరేసరికి కార్డులు లేవు. అద్దానికి అవతల ఇంజనీరు గారు ఆవలిస్తుంటారు, ఇవతల నేను గోడకు సంగతులు చెబుతుంటాను. ఏళ్ల తరబడి గోడతో మాట్లాడితే ఎవరికైనా విసుగు పుడుతుంది. నాకూ పుట్టింది.

పాటలు రికార్డు చేయడానికి ఆ తండాకు పోయినప్పుడు అవ్వను మొదటిసారి చూశాను. ఇంటి ముందు అరుగు మీద రేడియో, గొంతు పూర్తిగా పెంచి ఉంది. ఆదివారం ఆ వరుస ఇళ్ల ఆడవాళ్లంతా చాయ గ్లాసులు పట్టుకుని అక్కడికే చేరేవాళ్లు. పనికి పొద్దుపోతున్నా సరే, మాట్లాడే మనిషి మాట ముగించేదాకా రేడియో కట్టేయనిచ్చేది కాదు అవ్వ. ఒకసారి మార్కెట్ ధరల మధ్యలో కోడలు కట్టేస్తే మళ్లీ పెట్టించి, చదివేటాయన సెలవు చెప్పాకే చేనుకు కదిలిందట. "మనిషి మాట్లాడుతుంటే నడిమిట్ల లేసి పోతమా? గిది గూడ గంతే" అనేది.

తర్వాత మా పాత ట్రాన్స్‌మిటర్ ఆపేశారు. ఇక మమ్మల్ని ఫోన్లోని యాప్‌లోనే వినాలి. ఆ సంగతి వారం వారం చెప్పే పని కూడా నాకే పడింది. అవ్వ రేడియోకు గరగర మిగిలింది. కోడలు తన ఫోన్లో యాప్ వేసి అరుగు మీద పెట్టింది. తండాలో నెట్ ఎంత సక్కగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ మొదటి ఆదివారమే నాకు ఫోన్ వచ్చింది.

"పానం మంచిగున్నదా బిడ్డా?"

"బాగానే ఉన్న అవ్వా. ఏమైంది?"

"మాట నడిమిట్ల ఆగిపోయినవ్. కండ్లు తిరిగి పడ్డవేమో అని అందరం పరేషాన్ అయినం. దగ్గర ఎవలన్న ఉన్నరా, నీళ్లు తాపిన్రా?"

నవ్వాపుకోలేక, అది నెట్ పని అవ్వా, నేను కాదు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "గట్లనా. అయితే జర చెప్పి ఆగరాదు?" అంది. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు తాగావా అని నన్ను అడిగినవాళ్లు ఆఫీసులో లేరు, ఇంట్లోనూ లేరు.

కొన్నాళ్లకు యాప్ లెక్కలు వచ్చాయి. తండాల కార్యక్రమం వినేవాళ్లే లేరనీ, ఆ అరగంటలో పాత సినిమా పాటలు వేద్దామనీ ఆఫీసులో మాట మొదలైంది. అరుగు చుట్టూ ఎంతమంది కూర్చున్నా లెక్కకు వచ్చేది ఒక్క ఫోనే. చెప్పి చూశాను. "తెర మీద ఉన్నదే కదమ్మా నేను పైకి చూపించాలి" అన్నారు పెద్దసారు. ఆయన్ను అని లాభం లేదు. తండాకు పోయినప్పుడు ఈ కబురు అవ్వ చెవిన వేశాను.

"నా చిన్నప్పుడు అంగట్ల మా మాట మాట్లాడితే నవ్వెటోళ్లు బిడ్డా" అంది అవ్వ. "గదే మాట రేడియోల వస్తుంటె, నా కోడలు గిప్పుడు ఎక్కడ బడితే అక్కడ మాట్లాడ్తది. ఇంటున్నమని వాళ్లకు ఎట్ల తెలుస్తదో చెప్పు."

ఎట్లా తెలుస్తుందో చెప్పాను. మరో ఆదివారం పోయేసరికి అరుగు నిండా ఫోన్లే. ఉన్న ప్రతి ఫోన్లోనూ యాప్ పెట్టించింది. ఒక ఫోన్లో నేను నమస్కారం చెబుతుంటే, ఇంకో దాంట్లో పాట మొదలైపోయింది, మూడో దాంట్లో ఇంకా వార్తలే అయిపోలేదు. నా గొంతు మీద నా గొంతే పడి సంతలా ఉంది. అవ్వ మాత్రం నిటారుగా కూర్చుంది.

"ఏమన్నా వినబడుతోందా అవ్వా?"

"ఒక్క ముక్క ఇనబడ్తలేదు."

"మరెందుకు ఈ తిప్పలు?"

"మేమున్నమని వాళ్లకు ఇనబడాలె గద."

పాటంటే పడిచచ్చే మనిషి, ఆ పాట ఉండాలని తను వినడం మానుకుంది. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం నేను ఫోన్ చేసి, ఆ వారం ఏం పాట వచ్చిందో, ఎవరేం మాట్లాడారో చెప్పేదాన్ని. ఎన్నిసార్లు ఈ ఉద్యోగం వదిలేద్దామనుకున్నానో. ఆ ఫోన్ కోసమే వదల్లేదు. కార్యక్రమం ఉంటుందని ఇప్పటికీ ఎవరూ అనలేదు. తీసేస్తామనీ అనలేదు.

శనివారం సాయంత్రమే అవ్వను సాగనంపారు. ఆదివారం పొద్దున నేను పోయేసరికి ఇంటి ముందు ఆడవాళ్లు తల మీద కొంగులు కప్పుకుని కూర్చున్నారు. నేనూ వాళ్ల మధ్య కూర్చున్నాను. కార్యక్రమం వేళ అయింది. చావు జరిగిన ఇంట్లో పాట మోగకూడదు. "ఈ వారం వదిలెయ్యండి, ఏం కాదు" అన్నాను కోడలితో.

ఆమె లోపలికి పోయి ఫోన్ తెచ్చింది. యాప్ తెరిచి, చప్పుడు మొత్తం తగ్గించి, అరుగు మీద పెట్టింది. పక్కింటామె తనదీ తెచ్చి అలాగే పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ పెట్టారు.

అరగంట సేపు ఎవరూ లేవలేదు. బుధవారం రికార్డు చేసిన నా గొంతు ఆ ఫోన్లన్నిటిలోనూ చప్పుడు లేకుండా నడుస్తోంది. తెర మసకబారినప్పుడల్లా ఎవరో ఒకరు కొంగు చాటు నుంచి చెయ్యి చాపి, వేలితో తట్టి, మళ్లీ వెలిగిస్తున్నారు.