పెంటమ్మ బడిపేరు

హఫీజ్‌పేట రుక్కమ్మకు భయపడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. మొదటి బిడ్డ కనకలక్ష్మి నాలుగేళ్లు నిండకుండానే అమ్మవారు పోసి పోయింది. ఆ తర్వాత మగపిల్లవాడు పుట్టి, ఏడాది తిరక్కుండానే వాడూ అలాగే పోయాడు. అందుకే మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టగానే అత్త చేత బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టించింది. పక్కింటామె ఎత్తుకొచ్చింది. ఆమెకు చేటెడు తవుడిచ్చి, రుక్కమ్మ తన బిడ్డను తానే కొనుక్కుంది. పెంటమ్మ అని పేరు పెట్టుకుంది. పారేసిన పిల్లను, అంత చవక పేరున్న పిల్లను, చావు మాత్రం ఎందుకు కన్నెత్తి చూస్తుంది? నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఇద్దరిని మట్టిలో పెట్టి వచ్చిన తల్లి ఎదుట నిలబడి నవ్వండి చూద్దాం!

పెంటమ్మకు ఆరేళ్లు వచ్చాయి. పిల్ల నిక్షేపంలా ఉంది. సరిగ్గా అప్పుడే, డెబ్భై రెండులో, రుక్కమ్మ మొగుడు ఎల్లేశానికి ప్రైవేటు బడి పిచ్చి పట్టుకుంది. అతను బాలానగర్‌లో ఒక కార్ఖానాలో హెల్పరు. ఊళ్లో సర్కారు బడి లేకపోలేదు. పంతులు వచ్చిన రోజు పాఠం, రాని రోజు గోలీలాట. కూకట్‌పల్లిలో వీరలక్ష్మి అనే గుంటూరు వైపు ఆవిడ ఓ కిరాయి ఇంట్లో ఇంగ్లీషు బడి తెరిచిందని అతని చెవిన పడింది. ఇక చూడండి, తిండి మీద కూడా ధ్యాస లేదు.

"పొద్దుగాల సైకిల్ మీద నేనే దింపుత. వచ్చేటప్పుడు నేనే తోల్కొస్త. నీకేం ఫికర్?" అన్నాడు.

"బొంబాయి సడక్ మీద లారీలు ఎట్ల ఉరుకుతయో చూస్తలేవా? నాకు గుండె దడదడమంటున్నది. ఊళ్లె బడి ఏం పాడైంది?"

"నన్నే చూడు. మిషిన్ మీద ఏం రాసుందో సదువరాదు. నా ఎన్క వచ్చినోళ్లంత నన్ను దాటిపోయిండ్రు. పిల్ల గూడ గిట్లనే ఉండాల్నా?"

అతను రోజూ తల వంచుకుని ఇంటికి రావడం రుక్కమ్మకు తెలియనిదా! ఇష్టం లేకపోయినా తలూపింది.

మర్నాడు ఎల్లేశం వెళ్లి పిల్ల పేరు రాయించి వచ్చాడు. వచ్చాడే గాని భార్య ముఖం చూడటం లేదు. చెంబు నీళ్లిచ్చినా తాగలేదు. ఏదో కొంప మునిగిందని రుక్కమ్మకు అర్థమైంది.

"ఏమైందో చెప్పు. నన్ను సంపకు."

"పెంటమ్మ అంటే ఆ మేడమ్ రాసుకోలేదే. 'అదేం పేరండీ, పిల్లలు ఏడిపించుకు తింటారు, మంచి పేరు ఒకటి చెప్పండి' అన్నది."

"చెప్పినవా?"

"పరేషాన్ల నోటికొచ్చింది చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"కనకలక్ష్మి."

రుక్కమ్మ నేల మీద కూలబడి నెత్తి బాదుకుంది.

"నీ నోట్ల మన్నువడ! సచ్చినదాని పేరు బతికున్నదానికి పెడ్తవా? గీ బిడ్డను గూడ పంపుతవా దాని దగ్గరికి?"

"నాకు తెల్సిన మంచి పేరు గదొక్కటేనే!" అని ఎల్లేశం చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అవును మరి, పాపం, జన్మలో అతను ముచ్చటపడి పెట్టుకున్న పేరు అదొక్కటే.

ఆ పేరైనా కొట్టేయించాలి, పిల్లనైనా మాన్పించాలి. రుక్కమ్మ తేల్చేసుకుంది. మర్నాడు తానూ సైకిల్ వెనక ఎక్కి కూర్చుంది. లారీ పక్క నుంచి పోయినప్పుడల్లా మొగుడి చొక్కా గట్టిగా పట్టుకుంది. బడి ముందు ఇద్దరినీ దింపి ఎల్లేశం కార్ఖానాకు పరుగుతీశాడు. పిల్ల ఎవరూ చెప్పకుండానే లోపలికి పోయి చాప మీద కూర్చుంది. రుక్కమ్మ చెప్పాల్సిన మాట నోట్లోనే నమిలి నమిలి గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల వీరలక్ష్మి హాజరు వేస్తోంది. పిల్లలు ఒక్కొక్కరే కేక పెట్టి పలుకుతున్నారు.

"కనకలక్ష్మి!"

ఎవరూ పలకలేదు. ఆ పిల్ల ఎవరా అని పెంటమ్మ కూడా చుట్టూ చూసింది.

"కనకలక్ష్మీ! రాలేదా?"

నిన్న ఎల్లేశం నోట జారేదాకా ఆ పేరు రుక్కమ్మ ఇంట్లో ఎన్నేళ్లుగా వినబడలేదో! తలచుకుంటేనే ఏడుపొస్తుందని మొగుడూ పెళ్లాలిద్దరూ మింగేసుకున్న పేరు అది. ఇప్పుడు ఎవరో తెలియని మనిషి, పట్టపగలు, గొంతెత్తి పిలుస్తోంది. రాలేదా అని అడుగుతోంది.

"ఉన్నదమ్మా!" అని అరిచింది రుక్కమ్మ. "ఉన్నది. నా బిడ్డ ఉన్నది."

తన గొంతుకు తానే జడుసుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరలక్ష్మి లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మీరు వాళ్ల అమ్మగారా? నాతో ఏమైనా చెప్పాలాండీ?"

కొట్టేయండి అనాలి. దాని కోసమే కదా అంత దూరం వచ్చింది! కాని మళ్లీ ఆ పేరును తన చేతులతో పూడ్చడానికి ఆ తల్లికి చేతులు రాలేదు.

"ఏం లేదమ్మా. కొత్త పేరు, జల్ది పలుకది. జర రెండుసార్లు పిలువుండ్రి."

బడి వదిలేదాకా రుక్కమ్మ ఆ గోడ పక్కనే కూర్చుంది. గంట కొట్టగానే పిల్ల ఉరుక్కుంటూ వచ్చి ఒళ్లో పడింది. రుక్కమ్మ ముందు ఆ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది.