విల్మా పెట్టిన సిమెంటు

కెండ్రిక్ పార్క్ అనే ఊళ్లో ఇంటికి అందులో ఉంటున్నవాళ్ల పేరు రాదు. వాళ్లు ఖాళీ చేసి వెళ్లాకే వస్తుంది. ఆర్చర్డ్ వీధి చివర ఉన్న ఎర్ర ఇటుకల ఇంటిని బ్రౌవర్ దంపతులు వదిలి పదిహేనేళ్లు దాటింది. సెలెస్ట్ మార్చండ్ దాన్ని కొని మూడేళ్లయింది. అయినా ఆమె పిజ్జా తెప్పించుకోవాలంటే ఫోన్‌లో ‘బ్రౌవర్ల ఇల్లు’ అనే చెప్పాలి.

కిందటి జూన్‌లో సెలెస్ట్ ఆ ఇంటికి విల్మా హోక్‌స్ట్రాను పిలిపించింది. విల్మాకు అరవై ఏళ్లు. తాపీమేస్త్రీ కూతురు. పాత ఇళ్లు బాగుచేస్తుంది, కొత్తవి కడుతుంది. ఊళ్లో ఆమె చెయ్యి పడని వీధి లేదు. ట్రక్కు మీద పేరు రాయించుకోలేదు. వెనక అద్దం పగిలి, టేపు అంటించి ఉన్న ట్రక్కు ఆమెదేనని అందరికీ తెలుసు.

సెలెస్ట్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దుస్తుల్లోనే బయటికి వచ్చి వీధి వైపు గోడ చూపించింది. ఇటుకలు సగానికి సగం పెచ్చులూడి, లోపలి మెత్తని మట్టి రంగు బయటపడింది. వాటి మధ్య సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా, ఎముకల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. గోడ మొదట్లో ఎర్రటి పొడి కుప్పగా పడి ఉంది.

“ప్రతి వసంతంలో ఇంత ఊడ్చి పోస్తున్నా” అంది సెలెస్ట్. “ఇంజనీరు చూశాడు. సిమెంటు తీస్తే ఇటుకలన్నీ పగిలిపోతాయట, తీయకపోతే రాలిపోతాయట. పడగొట్టెయ్యమన్నాడు. మా అమ్మ వీల్‌చెయిర్‌లో ఉంటుంది. ఈ ఇంట్లో ఒక్క గుమ్మంలోనూ అది పట్టదు. ఇక్కడే కొత్త ఇల్లు కడదామనుకుంటున్నా. అందరూ మీ పేరే చెప్పారు.”

విల్మా తిన్నగా నేలమాళిగ కిటికీ దగ్గరికి నడిచి మోకాళ్ల మీద కూర్చుంది. కిటికీ కింది వరసలో, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. డబ్ల్యూ.హెచ్. 1994.

“ఈ గోడను పాడుచేసింది ఎవరో చెప్పనా?”

“ఎవరు?”

“నేనే.”

అప్పట్లో ఆ తప్పు ఊరంతా చేసింది. ఇక్కడి పాత ఇళ్ల ఇటుకలు కట్టెల బట్టీలో కాలినవి, మెత్తనివి. వాటి మధ్య సున్నం ఉండేది. వాన నీటిని గోడ తాగేది, సున్నం సందుల్లోంచి మెల్లగా వదిలేసేది. అరవై, డెబ్బై ఏళ్లకు సున్నం అరిగిపోతే మళ్లీ పెట్టుకునేవారు. సిమెంటు బస్తాలు చవకయ్యాక, మళ్లీ మళ్లీ పెట్టే పని ఎందుకని అందరూ గట్టిదే పెట్టించుకున్నారు. సిమెంటులోంచి నీరు పోదు. ఇటుకలోనే నిలుస్తుంది. మిషిగన్ చలికి అది గడ్డకట్టి ఉబ్బితే ఇటుక ముఖం పెచ్చుగా లేచిపోతుంది.

1994లో విల్మాకు ఇరవై తొమ్మిదేళ్లు. తండ్రి హెర్మ్ కీళ్లనొప్పులతో పని మానేశాడు. బ్రౌవర్ల గోడ ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. చూపించడానికి తండ్రిని కారులో తీసుకొచ్చింది. ఆయన దిగలేదు. అద్దం దించి కాసేపు చూసి, “బాగుంది. ఇటుకలు చచ్చినా నీ సిమెంటు బతికే ఉంటుంది” అన్నాడు.

ఆమె దాన్ని మెచ్చుకోలు అనుకుంది. ఆ రోజు ఇద్దరూ ఆలివ్ బర్గర్లు తిని ఇంటికెళ్లారు.

ఆ మాట అర్థమయ్యేసరికి తండ్రి లేడు. పదేళ్లుగా ఆమె ఆర్చర్డ్ వీధిలోంచి వెళ్లాల్సి వస్తే ఒక వీధి చుట్టు తిరిగి వెళ్లేది.

“అయితే ఏమంటారు?” అంది సెలెస్ట్.

“గోడ నిలుస్తుంది. నేను నిలబెడతా. మీ అమ్మకు వెనక వైపు గది కట్టిస్తా.”

“నా ఇల్లు పాడుచేసిందీ మీరే, ఇప్పుడు పడగొట్టొద్దనేదీ మీరేనా! మిమ్మల్ని పిలిచింది సలహా అడగడానికి కాదు.”

“తెలుసు.”

“మీరు కాకపోతే ఇంకొకరు కడతారు” అని సెలెస్ట్ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

వీధిలోంచి కనిపించేది ఏది మార్చాలన్నా ఇక్కడ పాత ఇళ్లను కాపాడే వారసత్వ సంఘం ఒప్పుకోవాలి. వరండా రంగు దగ్గర్నుంచి ఇల్లు పడగొట్టడం దాకా అన్నీ నెలలో రెండో మంగళవారం లైబ్రరీ హాల్లో తేలతాయి. జులై సమావేశానికి సెలెస్ట్ ఇంజనీరు నివేదికతో వచ్చింది. విల్మా వెనక వరసలో కూర్చుంది. పక్కనే రాయిస్ టిబెట్. పాతికేళ్లుగా ఆమెతో పనిచేస్తున్న మేస్త్రీ.

“పనివ్వడానికి వచ్చిన మనిషికే అడ్డంపడే కాంట్రాక్టర్‌ని నిన్నే చూశా” అన్నాడు రాయిస్ గొంతు తగ్గించి. “రేపట్నుంచి మనం తినేది ఏంటి, ఇటుక పొడా?”

“నువ్వు కాస్త ఒళ్లు తగ్గినా పర్లేదు.”

అధ్యక్షురాలు ఎలాయిస్ నట్సన్ ఒకప్పుడు స్కూల్లో లెక్కల టీచరు. హాల్లో ఉన్నవాళ్లలో సగం మంది ఆమె దగ్గర మొట్టికాయలు తిన్నవాళ్లే. నివేదిక చదవడం అయ్యాక కళ్లజోడు తీసి, “ఎవరైనా మాట్లాడతారా?” అంది.

విల్మా లేచింది. 1994లో ఏం చేసిందీ, ఎందుకు చేసిందీ నాలుగు ముక్కల్లో చెప్పింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. అదే ఏడాది ఆమె చేత సిమెంటు పెట్టించుకున్నవాళ్లు అక్కడ ముగ్గురున్నారు.

“నీకీ సంగతి ఎప్పట్నుంచి తెలుసమ్మా?” అంది ఎలాయిస్.

“పదేళ్ల నుంచి.”

“మరి ఇప్పుడా చెప్పేది?”

“ఇప్పుడు పడగొడతామంటున్నారు కాబట్టి. ముందే చెప్పాల్సింది.”

ఇంజనీరు లేచాడు. “ఆమె నిజాయితీ బాగానే ఉంది. కానీ ఆ సిమెంటు ఇటుకను కరుచుకుని ఉంది. తీస్తే అంచులు ఊడొస్తాయి.”

“మిషన్‌తో కోస్తే ఊడొస్తాయి” అంది విల్మా. “నేను చేత్తో తీస్తా.”

సంఘం ఆనవాయితీ ప్రకారం, ముందు మూడడుగుల చదరంలో సిమెంటు తీసి నమూనా చూపించాలని తీర్మానించింది. మూడు వారాల గడువు. ఆ చదరంలో ఉన్నవి అరవై రెండు ఇటుకలు. ఆరుకు మించి పగిలితే పడగొట్టడానికి అనుమతి ఇస్తారు. ఆరు దాటకపోతే గోడ బాగుచెయ్యాలి. సెలెస్ట్ కాగితాలు సర్దుకుంటూ విల్మా దగ్గర ఆగి, “ఏడో ఇటుక పగలాలని మొక్కుకుంటా” అంది.

“మొక్కుకోండి. నీడకు పట్టా మాత్రం కట్టుకోనివ్వండి. సున్నానికి ఎండ పడదు.”

సిమెంటు తీసే పద్ధతి విల్మాకు ఎవరూ నేర్పలేదు. తండ్రి కాలంలో అది తీయాల్సిన అవసరమే రాలేదు. తన ఇంటి వెనక పాత ఇటుకలతో చిన్న గోడ కట్టి, సిమెంటు పెట్టి, రెండేళ్లు దాన్ని తవ్వి తవ్వి చూసింది. సందు నడిమధ్యన సన్నటి గాటు పెట్టాలి. ఆ గాటు వైపుకే ఉలి వాలి ఉండాలి, ఇటుక వైపుకు కాదు. అప్పుడు సిమెంటు గాట్లోకి విరిగి పడుతుంది. ఒక్క ఇటుక చుట్టూ తీయడానికి అరగంట పైన పడుతుంది.

మొదటి రోజే రెండు పగిలాయి. అయిదో రోజు మరొకటి. ఎదుటి ఫుట్‌పాత్ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు చేతులు కట్టుకుని నిలబడి చూస్తూనే ఉన్నారు. ఈ ఊళ్లో అదొక కాలక్షేపం.

“విల్మా, తవ్వితే నిధి దొరికిందా?” అని అరిచాడొకాయన.

“దొరికింది. నువ్వు మా నాన్నకిచ్చిన మాట. గడ్డి కోసే మిషన్ తిరిగిస్తానన్నావు.”

రెండో వారం చివర నాలుగోది రాయిస్ చేతిలో పగిలింది. అతను ఉలి కింద పడేసి, ట్రక్కు దాకా వెళ్లి, తిరిగొచ్చాడు. విల్మా తన చోటు అతనికిచ్చి, అతను పగలగొట్టిన చోట తను కూర్చుంది. గడువు ముగిసేసరికి పగిలినవి అయిదు.

ఇంజనీరు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఎలాయిస్ మూడోసారి లెక్కపెట్టింది. ఆ తర్వాతే సంతకం పెట్టింది.

సెలెస్ట్ మెట్ల మీద కూర్చుంది. “మీరు గెలిచారు. మంచు పడేలోపు మా అమ్మను ఎక్కడ పెట్టుకోను?”

విల్మా ట్రక్కులోంచి చుట్టిన కాగితం తెచ్చి ఆమె పక్కన పరిచింది. ఇంటి వెనక, వీధిలోంచి కనిపించని చోట, ఒక గది. వీల్‌చెయిర్ తిరిగేంత స్నానాలగది. మెట్లకు బదులు వాలు దారి. జులై సమావేశానికి ముందే గీసి పెట్టింది. “గోడ పని నా తప్పుకు చెల్లింపు. దానికి డబ్బులు తీసుకోను. గదికి మాత్రం తీసుకుంటా.”

సెలెస్ట్ గీసిన గది మీద వేలు పెట్టి, “కిటికీ ఇటు పెట్టండి. అమ్మకు పొద్దుటి ఎండ కావాలి” అంది.

సున్నం చలికి ఆగదు. అక్టోబరు సగానికి పని తెమలాలి. కొత్త గది పని నలుగురు వడ్రంగులకు అప్పగించి, విల్మా, రాయిస్ గోడ దగ్గరే ఉండిపోయారు. పెచ్చులూడిన ఇటుకలను ఒక్కొక్కటే బయటికి లాగి, వెనక్కి తిప్పి పెట్టారు. నూటపాతికేళ్లు లోపలే ఉన్న ముఖం ఎర్రగా, పదునైన అంచులతో బయటికొచ్చింది. పెట్టిన సున్నం మీద తడి గోనెపట్టాలు కప్పారు. అప్పటికి ముందు గదిలోనే మంచం వేయించుకుని ఉంటున్న సెలెస్ట్ వాళ్లమ్మ కిటికీలోంచి చూస్తూ, పట్టా ఆరితే కర్రతో అద్దం కొట్టేది. “నాలుగో బాబూ, ఎండిపోతోంది! నిద్రపోతున్నావా?” అనేది రాయిస్‌ని. నాలుగో ఇటుక పగిలిన సంగతి ఆమె మర్చిపోనివ్వలేదు.

అక్షరాలున్న సందును విల్మా చివరికి ఉంచింది. అక్టోబరు పన్నెండున దాన్నీ తీసేసింది. ఆ ముక్క దాచుకోమన్నాడు రాయిస్. ఆమె చెత్త బకెట్లో వేసింది.

ఈ ఏప్రిల్‌లో మంచు కరిగాక విల్మా చీపురు, చేట తీసుకుని వచ్చింది. గోడ మొదలంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఊడ్చింది. సెలెస్ట్ వాలు దారి మీద వీల్‌చెయిర్ పట్టుకుని నిలబడింది. చేటలో మట్టి, మేపుల్ గింజలు, రెండు ఎర్రటి పెచ్చులు.

“రెండే!” అంది సెలెస్ట్.

“రెండున్నాయి” అంది విల్మా. అవి ఎక్కడివో వెతికి, ఆ ఇటుకల మీద సుద్దతో గుర్తు పెట్టింది. “వీటిని మే నెలలో మారుస్తా.”

“ఈసారి పేరు రాయరా?”

“ఇంకో చలికాలం పోనివ్వండి” అని విల్మా చేట ట్రక్కులో పడేసింది. ఆమె తర్వాతి పని పక్క వీధిలోని వాన్‌డైక్‌ల ఇంటి గోడ. 1994లో సిమెంటు పెట్టించుకున్న మిగతా ముగ్గురి ఇళ్లలో మొదటిది అదే. అక్కడ ఎదుటి ఫుట్‌పాత్ మీద అప్పటికే ఇద్దరు చేతులు కట్టుకుని నిలబడ్డారు.