దుప్పటి వెనక చిన్నమ్మ

పోయిన వారం పాస్‌పోర్టు ఫొటో కోసం మా కాలనీలోని స్టూడియోకు వెళ్లాను. అక్కడి అమ్మాయి నన్ను ఓ ఆకుపచ్చ గోడ ముందు నిలబెట్టి టక్కున ఫొటో తీసింది. కంప్యూటర్‌లో ఏదో నొక్కగానే నా వెనకాల గోడ మాయమై అంతా తెల్లగా అయిపోయింది. "అయిపోయింది మేడమ్" అంది. నేను మాత్రం ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. నా చిన్నతనంలో ఆ తెలుపు ఊరికే వచ్చేది కాదు. దాన్ని ఒక మనిషి పట్టుకుని నిలబడేది. ఆ మనిషి మా చిన్నమ్మ.

మూసీ ఒడ్డున పురానాపూల్ దగ్గర మా ఇంట్లో అప్పట్లో రెండు కాపురాలు. మేమొకటి, మా నాన్న తమ్ముడు చిన్నాయన, చిన్నమ్మ ఇంకొకటి, రెండిటికీ పెద్ద మా నానమ్మ. వాళ్లకు పిల్లల్లేరు, కాబట్టి నేను రెండు కాపురాలకూ సొత్తు. చిన్నాయన ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఆఫీసులో ఆయన ఏం చేసేవాడో మాకెవరికీ సరిగా తెలియదు, ఆయనకూ తెలియదని మా నాన్న అనేవాడు. ఆయన ప్రాణమంతా జుమేరాత్ బజార్‌లో పాత సామాన్ల గుట్టలోంచి ఏరి తెచ్చుకున్న ఒక రష్యా కెమెరాలో ఉండేది. ఇటుకంత బరువు. తోలు సంచీ పట్టీ తెగిపోతే చిన్నమ్మ తన పాత చీర అంచు చింపి కుట్టింది. ఆదివారం వస్తే దాన్ని మెడలో వేసుకుని గల్లీలో తిరిగేవాడు. బర్రెలకు నీళ్లు పట్టే పాల మల్లన్న, సైకిల్ మీద బ్రెడ్డు అమ్మే చాచా, గడపలో బియ్యం ఏరే ఆడవాళ్లు, ఎవరినీ వదిలేవాడు కాదు. రీలు ఖరీదని ఇంట్లో లొల్లి అయ్యేది. రెండు రోజులు నోరు మూసుకునేవాడు, మూడో రోజు మళ్లీ కెమెరా తుడుచుకుంటూ కూర్చునేవాడు.

స్కూలు ఫారానికి ఫొటో కావాలన్నా, పెళ్లిచూపులకు పంపాలన్నా గల్లీవాళ్లంతా మా వాకిట్లోకే వచ్చేవాళ్లు. మా గోడకు నాచు పట్టి ఉండేది, అందుకని చిన్నాయన వెనకాల తెల్ల దుప్పటి కావాలనేవాడు. తాడు మీద ఆరేయొచ్చు కదా అంటే ఒప్పుకునేవాడు కాదు. "తాడు మీదేస్తే ముడతలు వడ్తయి. మీ చిన్నమ్మ గుంజి పట్టుకుంటే సాపుగ ఉంటది" అనేవాడు. చిన్నమ్మ స్టూలెక్కి, రెండు చేతులూ పైకెత్తి, దుప్పటి వెనక నిలబడేది. ఈయనేమో వెలుగు చూసి, దూరం చూసి, ఎదుటివాళ్ల గడ్డం అటూ ఇటూ తిప్పించి, మళ్లీ వెలుగు చూసేవాడు. దుప్పటి వెనక నుంచి గొంతు వచ్చేది. "చేతులు గుంజుతున్నయ్, జర జల్ది కానియ్యుండ్రి!" అందరూ నవ్వేవాళ్లు, ఫొటో దిగేవాళ్లు కూడా. బిగుసుకున్న ముఖాలు అలా సడలాకే చిన్నాయన మీట నొక్కేవాడు. ఆ ఫొటోలన్నిట్లోనూ దుప్పటి పై అంచున చిన్నమ్మ వేళ్లు కనిపించేవి. ప్రింటు వేయించేటప్పుడు వాటిని కత్తిరించేసేవాళ్లు.

ఎవరైనా పోతే కూడా మా ఇంటికే వచ్చేవాళ్లు. మా గల్లీలో చాలామందికి బతికుండగా స్టూడియోకు పోయే తీరిక ఉండేది కాదు. చిన్నాయన పాత నెగటివ్‌లన్నీ వెతికి, ఆ మనిషి ముఖం పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, కర్మ నాటికి ఇచ్చేవాడు. గల్లీలో ఏ ఇంట్లో దండ వేసిన ఫొటో చూసినా అది ఆయన తీసిందే. పక్కింటి ముసలమ్మ ఆయన కెమెరా ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. "నువ్వు ఫొటో తీసినవంటే నన్ను సాగనంపుతున్నట్టేరా" అనేది. అయినా పండక్కి కొత్త చీర కట్టుకుంటే మాత్రం తానే వచ్చి నిలబడేది.

నేను డిగ్రీలో ఉండగా చిన్నమ్మకు కామెర్లు వచ్చాయి. పసరు మందుతో తగ్గుతుందనుకున్నాం. పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి చేయి దాటిపోయింది. నాకైతే తల్లి పోయినట్టే అయింది, మా అమ్మ పక్కనే ఉన్నా.

కర్మకు ఫొటో కావాలన్నారు. గల్లీ అంతటికీ ఫొటోలు ఇచ్చిన ఇంట్లో చిన్నమ్మ ఫొటో లేదని అప్పుడు తెలిసింది. పెళ్లి ఫొటోలో తల వంచుకుని ఉంది, బాసికం కింద ముక్కు తప్ప ఏమీ కనపడదు. ఓటరు కార్డులో బొగ్గు పూసినట్టున్న ముఖం ఆమెదో నాదో చెప్పలేం. చిన్నాయన నెగటివ్‌ల పెట్టెలన్నీ వాకిట్లో బోర్లించాడు. ఒక్కొక్క ముక్కా ఎండకు ఎత్తి చూడడం మొదలుపెట్టాడు. నెగటివ్‌లో తెల్లది నల్లగా ఉంటుంది. నల్లటి దుప్పటి ముందు ఎవరెవరివో ముఖాలు, పైన అంచుకు వేళ్లు. "ఇగో, ఇది దాని చెయ్యే. ఇది గూడ దాని చెయ్యే" అంటూ ఒక్కొక్కటే నాకు అందించాడు. ఆయన గొంతు వింటుంటే నాకు అక్కడి నుంచి లేచిపోవాలనిపించింది. లేవలేకపోయాను.

చివరికి పాడైపోయినవని పక్కన పడేసిన మిఠాయి డబ్బాలో ఒకటి దొరికింది. నన్ను బళ్లో చేర్చేటప్పుడు తీసింది. సరిగ్గా మీట నొక్కే సమయానికి మూసీ వైపు నుంచి గాలి కొట్టి దుప్పటి జారిపోయింది. స్టూలు మీద తూలిన చిన్నమ్మ ఒక చెయ్యి నా తల మీద ఆనించి పకపకా నవ్వుతోంది. "పాడు జేసినవ్ గదనే!" అని ఆ రోజు చిన్నాయన కసురుకున్నది నాకు గుర్తే.

బేగంబజార్ పక్క గల్లీలో ఆయన ఎప్పుడూ వెళ్లే స్టూడియోకు ఇద్దరం వెళ్లాం. స్టూడియో భాయ్ నెగటివ్‌ను లోపల దీపం వెలిగే గాజు బల్ల మీద పెట్టి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. "సాబ్, ఫోకస్ ముందున్న బచ్చీ మీదున్నది. వెనక భాభీ ముఖం పెద్దగ జేస్తే పొగ లెక్క అయితది, ఏం మిగలదు" అన్నాడు. కంప్యూటర్‌లో కళ్లూ ముక్కూ దిద్ది ఇవ్వనా అని మెల్లగా అడిగాడు. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు. "గీసిన ముఖం నాకెందుకు భాయ్. ఉన్నది ఉన్నట్టు ఇయ్యి."

ఉన్నది ఉన్నట్టే ఫ్రేము కట్టించి తెస్తే మా నానమ్మ గుండె బాదుకుంది. "బతికున్న పిల్ల ఫొటోకు దండేస్తవారా? పిల్లను కోసెయ్యుండ్రి!" ఫొటోలోంచి నన్ను కోస్తే, నా తల మీదున్న చిన్నమ్మ చెయ్యి కూడా పోతుంది. చిన్నాయన ఆమెతో వాదించలేదు. "ఫొటో గట్లనే ఉండని. దండ వద్దు" అన్నాడంతే. కర్మ రోజు మా ఇంట్లో ఫొటోకు దండ లేదు, బొట్టు లేదు, ముందు దీపం మాత్రం ఉంది. వచ్చినవాళ్లు ఎవరికి దండం పెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లు. ఆ తర్వాత కొన్నాళ్లకు కొత్తగా వచ్చిన కరెంటు బిల్లాయన, దండ లేని ఆ ఫొటో చూసి "అమ్మ ఇంట్లో లేరా?" అని అడిగాడు. "ఉన్నది, లోపల పనిల ఉన్నది" అన్నాడు చిన్నాయన. అబద్ధమాడిన ముఖం కాదు అది.

తర్వాత కూడా ఆయన ఫొటోలు తీశాడు గానీ వెనకాల దుప్పటి పట్టించలేదు. నాచు గోడ ముందే నిలబెట్టేవాడు. స్టూలు జరిపినవాళ్లను, తలుపు పట్టుకున్నవాళ్లను, వంటింట్లోంచి తొంగి చూసినవాళ్లను "ముందుకు రండ్రి, మీరు గూడ రండ్రి" అని పిలిచేవాడు. గుంపంతా ఇరుక్కుని నిలబడేది. సగంమంది పని మధ్యలో వచ్చినవాళ్లే, చేతులకు పిండి ఉండేది.

ఆయన కూడా పోయాక ఆ ఫొటో నా ఇంటికి వచ్చింది. ముందు నిలబడ్డ పిల్ల ఇప్పుడు తలకు రంగేసుకుంటోంది, వెనక నవ్వే మనిషి ఇంకా ముప్పై దాటలేదు. ఎంత దగ్గరికి వెళ్లి చూసినా ఆమె ముఖం పొగలాగే ఉంటుంది. కాలం నన్ను ఆమెకంటే పెద్దదాన్ని చేసింది గానీ, ఆమె వైపు ఒక్క అడుగు కూడా జరపలేదు.