సొరుగులో చొక్కా

జలిస్సా తాప్‌సోబాకు డెబ్బై దాటాయి. మా పట్నంలో నలభై మంది ఆడవాళ్లు మగ్గాల మీద బట్ట నేసే పాకకు ఆవిడే పెద్ద. ఆమె మోసీ, నేను సామో. మా రెండు జాతులకూ తాతల నాటి నుంచి పరిహాసపు చుట్టరికం ఉంది. ఎదురుపడితే ఒకరినొకరు బానిస అని పిలుచుకుంటాం, కుక్క తలకాయ కూర నాదంటే నాదని కొట్లాడుకుంటాం, నోటికొచ్చినట్టు తిట్టుకుంటాం. ఎంత తిట్టినా, ఎవరి ముందు తిట్టినా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాడి పరువు పోయినట్టే. నలభై ఏళ్లుగా ఆమె తిట్లు తింటున్నవాణ్ని కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకే ఎక్కువ ఉందని నా నమ్మకం.

ఆ పాకలో గోడకు ఒకే ఒక్క ఫోటో ఉంటుంది. సిపాయి టోపీ పెట్టుకుని నవ్వుతున్న మా దేశపు పాత ప్రెసిడెంటు సంకారాది. నాలుగేళ్లు ఏలాడు, అయిదో ఏట చంపేశారు. జలిస్సా ఆయన్ని ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు. అయినా ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోదు.

ఆ అభిమానం మొదలైంది బెండకాయల దగ్గర. ఎనభై నాలుగు సెప్టెంబరులో, ఒక రోజు ఆడవాళ్లు ఇంట్లో ఉండాలి, మొగాళ్లు సంచి పట్టుకుని సంతకు వెళ్లాలి అని ప్రెసిడెంటు చెప్పాడు. జలిస్సా మొగుడు ఉసుమాన్ గొణుక్కుంటూ వెళ్లాడు. మొదట కనబడిన ముసలామె చెప్పిన ధరకే ముదిరిపోయిన బెండకాయలు కొనుక్కొచ్చాడు. ఆ రాత్రి సంకటిలోకి పులుసు పీచుపీచుగా ఉంది. ఉసుమాన్ నోరెత్తకుండా తిన్నాడు. మర్నాటి నుంచి సంత ఖర్చుకు ఎంత కావాలంటే అంత, ఎందుకూ అని అడక్కుండా ఇచ్చేవాడట. "రాజధానిలో కూచున్న ఒకాయన నా వంటింట్లో న్యాయం చేశాడ్రా. మీ గుమాస్తాలు ఎవరైనా చేశారా?" అని సర్కారు గుమాస్తాగా చేసిన నన్ను ఇప్పటికీ నిలదీస్తుంది.

తర్వాత ప్రెసిడెంటు ఇంకో హుకుం జారీ చేశాడు. సర్కారు ఉద్యోగులందరూ మన పత్తితో, మన చేత్తో నేసిన బట్టే కట్టాలన్నాడు. మగ్గం మా దగ్గర మొగాళ్ల పని. జేనెడు వెడల్పు పట్టీలు నేసి కలిపి కుట్టేవాళ్లు. జలిస్సా వెడల్పాటి మగ్గం ఒకటి చేయించుకుని తనే కూచుంది. వీధి వీధంతా నవ్వింది. ఆరు నెలలు తిరక్కుండా నవ్విన ఇళ్ల కోడళ్లే పని నేర్పమని వచ్చారు.

మేం గుమాస్తాలం మాత్రం ఆ హుకుంతో హడలిపోయాం. నాకు ప్యారిస్ కుట్టు సూటు ఉండేది, ఎండలో మాడి చచ్చినా దాన్ని వదిలేవాణ్ని కాదు. అలాంటివాళ్లమే ముగ్గురం కలిసి ఒకే ఒక్క నేత చొక్కా కొని నా సొరుగులో పెట్టాం. ప్రెసిడెంటు చెప్పాపెట్టకుండా ఊడిపడతాడని పేరు. అందుకే దేశమంతా అలాంటి చొక్కాలకు "సంకారా వస్తున్నాడు" అని పేరు పెట్టింది. ముగ్గురికి ఒక్క చొక్కా ఎలా సరిపోతుందని ఆలోచించనంత తెలివైనవాళ్లం మేం.

ఒకరోజు నిజంగానే కేక వినిపించింది. "వస్తున్నాడు! కారు వంతెన దాటింది!" ముగ్గురం ఒకేసారి సొరుగు మీద పడ్డాం. ఒక చెయ్యి నాది, ఒక చెయ్యి ఇంకొకడిది, కాలరు మూడోవాడిది. సరిగ్గా అప్పుడే తన నేత సంఘానికి నూలు ఇప్పించే కాగితం పట్టుకుని జలిస్సా గుమ్మంలో నిలబడి ఉంది. నెల రోజులుగా దాన్ని నేను రేపు, ఎల్లుండి అంటూ తిప్పుతున్నాను. చొక్కా చంకలో చర్రుమని చిరిగింది.

"అది నేను నేసిందేరా బానిసా," అంది నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఇటివ్వు, కుడతాను. సూది నా కొంగులోనే ఉంది. కానీ ముందు సంతకం."

"తల్లీ, ఆయన వచ్చేస్తున్నాడు!"

"రానీ. సూటులో చూసి సంతోషిస్తాడు."

సంతకం పెట్టాను. నా జీవితంలో అంత త్వరగా పెట్టిన సంతకం మరోటి లేదు. ఆమె కుట్టింది, నేను తొడుక్కున్నాను, ఆయన చిన్న కారు ఆగకుండానే దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. బయటికి పరిగెత్తిన జలిస్సాకు దక్కింది ఆ దుమ్మే.

ఆ ప్రెసిడెంటును నేను క్షమించలేదు, ఆ మాట దాచను. మా అన్న బడిపంతులు. సమ్మె చేసినందుకు వందలమందితో పాటు ఆయన్నీ పనిలోంచి తీసేశారు. మా అన్న జొన్నచేలో కూలికెళ్లాడు, మళ్లీ బడి ముఖం చూడకుండానే పోయాడు. ఈ సంగతి ఎత్తితే జలిస్సా మిగతావాళ్లలా దబాయించదు. "అది తప్పే. మీ అన్న దగ్గర నా పెద్దాడు అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ తప్పు ఆయనదే," అంటుంది. అని, ఫోటో మీది దుమ్ము మాత్రం తుడుస్తుంది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఇప్పుడు మళ్లీ దేశాన్ని ఏలడానికి ఒక కుర్ర కెప్టెన్ వచ్చాడు. అదే రకం టోపీ, అవే రకం మాటలు. కుర్రకారంతా పాతాయనే తిరిగొచ్చాడంటున్నారు. బడి పిల్లలందరికీ దేశపు నేతబట్టే కట్టించాలని పైనుంచి మాట వచ్చింది. జలిస్సా పాకలో పండగే అయింది. అంతలో హాజీ బుకారీ అనే షావుకారు సముద్రాల అవతలి మిల్లులో అచ్చు వేయించిన చారల బట్ట బేళ్లకొద్దీ దించాడు. చూడటానికి అచ్చం మన నేతే. పిల్లల బట్టల పని అతనికే వెళ్తుందని ఊరందరికీ తెలుసు. వెళ్తే నలభై మగ్గాలు మూత పడతాయి.

అక్టోబరు పదిహేను, పాత ప్రెసిడెంటు పోయిన రోజు, మైదానంలో సభ పెట్టారు. యువజన సంఘం వాళ్లు జలిస్సా దగ్గరికి వచ్చారు. "అమ్మమ్మా, నువ్వు ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆయన మళ్లీ వచ్చాడు అని ఒక్క ముక్క చెప్పు చాలు," అన్నారు. సరేనంది.

నాకు భయం వేసింది. "నోరు అదుపులో పెట్టుకో. కాలం బాగాలేదు, మాట జారితే ఎక్కడికి పంపిస్తారో తెలీదు," అన్నాను.

"మన జిల్లాకి పెద్దగా కొత్తగా వచ్చిన హై కమిషనర్ ఇంటిపేరేంటి?"

"పారే. మావాడే, సామో."

"ఓహో," అని మళ్లీ నూలు కండె తిప్పుకోవడం మొదలుపెట్టింది.

సభలో హై కమిషనర్ మెరిసే చారల చొక్కా వేసుకుని మధ్య కుర్చీలో కూర్చున్నాడు. పక్కన హాజీ. జలిస్సా మెల్లగా వేదికెక్కింది, మైకు దగ్గరికి వెళ్లలేదు. తిన్నగా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"ఒరేయ్ పారే! సామో బానిసా! నీ యజమానురాలు నిలబడితే కూచుంటావేంట్రా, లే!"

యువజన సంఘం కుర్రాడు ఆమెను ఆపడానికి పరిగెత్తబోయాడు. హై కమిషనర్ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది, తర్వాత ఆయన పెదాలు వణికాయి, నవ్వాపుకోలేక. లేచి నిలబడ్డాడు.

"చెప్పవే మోసీ దానా. కుక్క తలకాయ కూర అడగడానికొచ్చావా?"

"దాన్ని నువ్వెప్పుడో తినేసుంటావు. కాలరు తిప్పు."

"ఏంటి?"

"చేత్తో నేసిన బట్టకి చార రెండు వైపులా ఒకేలా ఉంటుందిరా. చిన్నపిల్లకి కూడా తెలుసు. కాలరు తిప్పి జనానికి చూపించు."

ఆయన తిప్పాడు. లోపల తెల్లగా, పాలిపోయి ఉంది. జనం మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. హై కమిషనర్ హాజీ వైపు చూశాడు. "నేసిందే అని ఇచ్చారు నాకు," అన్నాడు నెమ్మదిగా. ఆ మాట మైకులో పడింది. హాజీ నేల చూపులు చూశాడు.

అప్పుడు జలిస్సా మైకు దగ్గరికి వచ్చింది. "ఆయన మళ్లీ వచ్చాడా అని అడుగుతున్నారు. నాకు తెలీదు. టోపీ చూసి నేను చెప్పను. మన పిల్లల ఒంటి మీది బట్ట తిప్పి చూసి చెప్తాను." అంతే చెప్పి దిగబోయింది.

"మరి నాకు అసలు చొక్కా?" అన్నాడు హై కమిషనర్ వెనకనుంచి.

"పాకకి రా. కానీ ముందు సంతకం."

ముందు వరసలో నేను ఒక్కణ్నే పగలబడి నవ్వాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి, ఎందుకో సరిగ్గా చెప్పలేను. ఆయన మర్నాడు పొద్దున్నే వచ్చాడు, పిల్లల బట్టల పని పాకకే ఇస్తున్నట్టు రాసిన కాగితం మగ్గం కర్ర మీద పెట్టి సంతకం చేశాడు.

రెండు నెలల తర్వాత పింఛను కాగితం కోసం నా పాత ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా ఒంటి మీద విదేశీ చొక్కా ఉంది. ముద్ర కోసం సొరుగు లాగాడు. లోపల మడత విప్పని నేత చొక్కా. అంచు తిప్పి చూశాను. నాకు కోపం తన్నుకొచ్చింది, అటునుంచి అటే పాకకు వెళ్లాను.

"చూశావా? అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. పైవాడు వస్తాడేమో అన్న భయమే తప్ప ఒక్కడికీ నీ బట్ట మీద ప్రేమ లేదు!"

జలిస్సా మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె ఆపలేదు. "తిప్పి చూశావా?"

"చూశాను."

"రెండు వైపులా చార ఉందా?"

"ఉంది."

"మరింకేంట్రా నీ ఏడుపు? వాడి ప్రేమ ఎవడిక్కావాలి? తొడుక్కున్నా దాచుకున్నా నేసింది మేం. అప్పుడూ ఆయన కారు ఆగలేదు. వస్తాడన్న మాటకే నా సంఘానికి నూలొచ్చింది. జరుగు, వెలుతురుకి అడ్డం."

పక్కకు జరిగాను. బయట బడి వదిలారు. కొత్త బట్టల్లో పిల్లలు గుంపుగా పోతున్నారు. ఒకడి కాలరు దానంతటదే తిరగబడి ఉంది. లోపలా అదే చార. గోడ మీద ఫోటో ఎప్పట్లాగే నవ్వుతోంది. మా అన్న గుర్తొచ్చాడు. అయినా ఆ రోజు మొదటిసారి, ఆ ఫోటోను తిట్టుకోకుండా ఇంటికి వెళ్లాను.